పాతాళ రాణి ఎరెష్కిగల్: ఈవిడ నిజంగా విలనేనా?

నల్లరేగడి
మెసొపొటేమియా కథల మీద వీడియోలు వరసపెట్టి చూస్తున్నా ఈ మధ్య. ఏ వీడియో తీసినా ఎరెష్కిగల్‌ని రాక్షసి లెక్కే చూపిస్తున్నారు. చెల్లెలు ఇనాన్నా అనే దేవత పాతాళానికి దిగి వచ్చింది, అక్క అసూయతో చంపించి శవాన్ని కొక్కేనికి వేలాడదీసింది, ఇంతే కథ అన్నట్టు. సరే అని అసలు సుమేరియన్ కవిత అనువాదం తీసి చివరి దాకా చదివితే ఆఖరి పంక్తి దగ్గర ఆగిపోయాను. "పవిత్రమైన ఎరెష్కిగల్, నీ స్తుతి మధురం" అని ముగుస్తుంది. కథంతా చెల్లెలిది, చివర్లో దండం మాత్రం అక్కకి. విలన్‌కి ఎవరైనా మంగళహారతి పాడతారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

మట్టిపలక
మంచి ప్రశ్న వేశారు. వీడియోల్లో ఎగ్గొట్టే భాగాలు కొన్ని ఉన్నాయి, అవి చూస్తే సగం జవాబు దొరికిపోతుంది.

ఇనాన్నా ఎందుకు దిగింది అన్నది మొదటిది. గేటు దగ్గర కాపలావాడు నెతి ఎందుకొచ్చావు అని అడిగితే, మా అక్క భర్త గుగలన్నా చనిపోయాడు, కర్మకాండ చూడ్డానికి వచ్చాను అంటుంది. పరామర్శకి వచ్చే మనిషి ఎలా వస్తుంది? ఈవిడ తలపాగా, లాజవర్ది రాళ్ళ హారం, రొమ్ము మీద జంట పూసలు, కళ్ళకి కాటుక, బంగారు కడియం, చేతిలో రాజ్యాధికారానికి గుర్తుగా కొలబద్ద, కొలతాడు, ఒంటి మీద రాణీ వస్త్రం, మొత్తం ముస్తాబుతో దిగింది. బయల్దేరే ముందే పరిచారిక నిన్‌షుబుర్‌కి, నేను తిరిగి రాకపోతే మొదట నిప్పూర్‌లో ఎన్లిల్ దేవుడి దగ్గరికి, తర్వాత ఉర్‌లో నన్నా దగ్గరికి, చివరికి ఎరిదులో ఎంకి దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకో అని చెప్పింది కూడా. పరామర్శకి వెళ్ళేవాళ్ళు అలాంటి ఏర్పాట్లు చేసుకుని వెళ్ళరు కదా.

నెతి వెళ్ళి ఈ సంగతి చెప్పగానే ఎరెష్కిగల్ తొడ చరుచుకుని పెదవి కొరుక్కుంది. తర్వాత చాలా చల్లగా ఆజ్ఞ ఇచ్చింది: ఏడు గేట్లకీ గడియ పెట్టు, ఒక్కొక్కటే తెరువు, ఒక్కో గేటు దగ్గర ఒక్కో వస్తువు తీయించు. ఇనాన్నా ప్రతి గేటు దగ్గరా "ఏంటిది?" అని అడుగుతుంది, ప్రతిసారీ ఒకటే జవాబు: మాట్లాడకు ఇనాన్నా, ఇది పాతాళ ధర్మం, దాని మీద నోరెత్తకు. ఏడోసారి ఒంటి మీద వస్త్రం కూడా పోతుంది.

ఇక అసలు సంగతి. బట్టలు కూడా లేకుండా లోపలికి వచ్చిన ఇనాన్నా ఏం చేసిందో తెలుసా? అక్కని సింహాసనం మీంచి లేపి తను కూర్చుంది! వెంటనే అనున్నా అనే ఏడుగురు న్యాయాధిపతులు తీర్పు చెప్పారు, మృత్యుదృష్టి పడింది, శవమైంది, కొక్కేనికెక్కింది. దీన్ని అసూయతో చేసిన హత్య అంటే ఎలా? ఇంట్లోకి చొరబడి కుర్చీ ఆక్రమించినవాళ్ళకి ఆ ఇంటి చట్టం వర్తించింది, అంతే.

వైజాగ్_కుర్రోడు
బావ పోయాడని పరామర్శకి కాటుక పెట్టుకుని వెళ్ళిన మరదలు 😂 ఏ ఊళ్ళో అయినా మాట్లాడుకుంటారు ఆ తర్వాత నెల రోజులు.

కొర్రీ
మట్టిపలక గారూ, ఒక్క నిమిషం. అక్క తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టుంది మీరు. సింహాసనం సంగతి మీద పండితుల మధ్యే తేడా ఉంది, ఎవరు లేచారు ఎవరు కూర్చున్నారు అన్నది అందరూ ఒకలా చదవరు. అయినా మీరు చెప్పినట్టే అనుకుందాం. బావ గుగలన్నా గురించి మాత్రం ఇంటర్నెట్‌లో ఒక కథ తిరుగుతోంది: గిల్గమేష్ కథలో ఇష్తార్ (ఇనాన్నాకే అక్కడియన్ భాషలో పేరు) దింపితే గిల్గమేష్ రాజు, అతని స్నేహితుడు ఎన్కిడు కలిసి చంపిన స్వర్గవృషభమే ఈ గుగలన్నా అని, అంటే బావ చావుకి మరదలే కారణం అని, అందుకే అక్కకి అంత కోపం అని. వినడానికి బ్రహ్మాండంగా ఉంది, కానీ సుమేరియన్ కవితలో గుగలన్నా ఎలా చచ్చాడో ఒక్క ముక్క లేదు. రెండు వేరే కథల్ని ఒక దారానికి గుచ్చుతున్నారు. దయచేసి దాన్ని ఇక్కడ ప్రూఫ్‌గా పెట్టొద్దు ఎవరూ.

మట్టిపలక
దాని జోలికి నేను వెళ్ళలేదు కదండీ. వెళ్ళను కూడా.

స్టార్‌గేట్_99
అనునాకి (పైన చెప్పిన అనున్నా) అంటే వేరే గ్రహం నుంచి వచ్చినవాళ్ళు అని ప్రూవ్ అయింది కదా బ్రో. పాతాళం అంటే వాళ్ళ అండర్‌గ్రౌండ్ బేస్. దీని గురించి ఎవరూ మాట్లాడరేంటి

మోడరేటర్
ప్రూవ్ కాలేదు. ఆ టాపిక్‌కి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ రాసుకోండి. ఇక్కడ మళ్ళీ వస్తే తీసేస్తాను.

గోదారిగట్టు
నాకు ఆ కవితలో అన్నిటికంటే నచ్చింది ఆమె నొప్పి పడే ఘట్టం, దాని గురించి ఎవరూ ఎత్తలేదు. మూడు పగళ్ళు, మూడు రాత్రులు అయ్యాక నిన్‌షుబుర్ వెళ్ళి మొరపెట్టుకుంటుంది. ఎన్లిల్ కుదరదన్నాడు, నన్నా కుదరదన్నాడు. ఎంకి మాత్రం గోటి కింద మట్టి గీకి కుర్‌గర్రా, గలతుర్రా అని రెండు ప్రాణుల్ని చేసి పంపిస్తాడు. ఈగల్లా తలుపు సందులోంచి దూరండి అంటాడు. లోపల ఎరెష్కిగల్ పడుకుని ఉంటుంది. ఒంటి మీద నారబట్ట కూడా కప్పుకోలేదు, జుట్టు చెదిరిపోయి ఉంది, పురిటి నొప్పులు పడే తల్లిలా మూలుగుతూ ఉంది. "అయ్యో నా లోపల" అంటుంది. ఈ రెండు ప్రాణులూ "అయ్యో తల్లీ, నీ లోపల" అంటాయి. "అయ్యో నా బయట" అంటుంది. "అయ్యో తల్లీ, నీ బయట" అంటాయి. అంతే, ఇంకేం చెయ్యవు. కత్తి లేదు, మంత్రం లేదు.

దానికే ఆవిడ కరిగిపోయి, దేవుళ్ళయితే మీతో మాట్లాడతాను, మనుషులైతే మంచి బతుకు రాసిస్తాను అంటుంది. నిండుగా పారే నది ఇస్తానంటుంది, పండిన పొలం ఇస్తానంటుంది. ఇవేమీ తీసుకోవద్దని ఎంకి ముందే చెప్పి పంపాడు కాబట్టి, కొక్కేనికి ఉన్న ఆ శవాన్నివ్వు చాలు అంటాయి. అది మీ రాణి శవం కదా అంటుంది, తెలిసే ఇచ్చేస్తుంది. ప్రాణమిచ్చే మొక్క, ప్రాణమిచ్చే నీళ్ళు చల్లితే ఇనాన్నా లేస్తుంది.

ఆమె దగ్గరికి అంతకుముందు ఎవరైనా వచ్చి ఎలా ఉన్నావమ్మా అని అడిగారా అనిపించింది నాకు. పైన గుళ్ళూ పండగలూ అన్నీ చెల్లెలికే.

నల్లరేగడి
ఇది చదివాక వీడియోలు చేసేవాళ్ళ మీద కోపం వస్తోంది అక్కా. ఈ ముక్క ఎలా వదిలేస్తారు అసలు.

కొర్రీ
వదలకుండా పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళతో ఇంకో తలనొప్పి. ఇనాన్నా అంటే నీలోని వెలుగు, ఎరెష్కిగల్ అంటే నీలోని చీకటి, ఇద్దరూ కలిస్తేనే నువ్వు పూర్తి మనిషివి అని సైకాలజీ క్లాసు పీకుతారు. ఎవరికి అక్కరకొస్తే వాళ్ళు వాడుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కానీ నిప్పూర్‌లో బడిపిల్లలు ఈ కవితని తడిమట్టి మీద ఎక్కించింది ఆత్మశోధన కోసమైతే కాదు. మనకి దొరికిన కాపీల్లో చాలా భాగం రాతపని నేర్చుకునే కుర్రాళ్ళు రాసినవే.

గోదారిగట్టు
నేను సైకాలజీ చెప్పలేదు బాబూ. ఆమె మూలుగుతోంది అన్నాను, అది కవితలో ఉంది. పిల్లల్ని కన్న తల్లి, తన పిల్లల కారణంగా అలా పడి ఉంది అని కూడా ఉంది. గిల్గమేష్, ఎన్కిడు, పాతాళం అనే ఇంకో సుమేరియన్ కవితలోనూ దాదాపు ఇదే వర్ణన, నినాజు తల్లి (అంటే ఎరెష్కిగలే) పడుకుని ఉంటుంది, భుజాల మీద బట్ట ఉండదు అని. అంటే ఆ కాలపు వాళ్ళ మనసులో ఈవిడ రూపమే అది. దుఃఖంలో ఉన్న తల్లి.

మట్టిపలక
గోదారిగట్టు గారు చెప్పినదానికి అక్కడియన్ కవితలో ఇంకో సాక్ష్యం ఉంది. ఇది నినెవేలో అస్సీరియా రాజు అషుర్‌బనిపాల్ గ్రంథాలయంలో దొరికిన ఇష్తార్ దిగివచ్చిన కథ, సుమేరియన్ దాంట్లో దాదాపు మూడోవంతే ఉంటుంది. ఇందులో ఇష్తార్ గేటు దగ్గరే బెదిరింపు మొదలుపెడుతుంది: తలుపు తియ్యకపోతే విరగ్గొడతా, గడియ పగలగొడతా, చచ్చినవాళ్ళని లేపి బతికున్నవాళ్ళని తినిపిస్తా. ఆ కబురు వినగానే ఎరెష్కిగల్ మొహం పాలిపోయింది, పెదవులు నల్లబడ్డాయి. అప్పుడు అంటుంది (నా మాటల్లో చెప్తున్నా): ఇదేం కోరి వచ్చింది నా దగ్గరికి? నేను రొట్టెకి బదులు మట్టి తినాలి, బీరుకి బదులు మురికినీళ్ళు తాగాలి. పెళ్ళాల్ని వదిలి వచ్చిన కుర్రాళ్ళ కోసం ఏడవాలి, మొగుడి ఒళ్ళోంచి లాక్కురాబడ్డ ఆడపిల్లల కోసం ఏడవాలి, కాలం తీరకుండానే పంపించేసిన పసిపిల్లల కోసం ఏడవాలి.

ఈ పసిపిల్లల పంక్తి దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. చావుల్ని పంచిపెట్టే దేవత కాదు ఈవిడ. వచ్చినవాళ్ళని లెక్క రాయించుకుని ఉంచుకునే పని ఈవిడది.

కానీ కొర్రీ గారి కోసం ఇది కూడా చెప్పాలి, ఇదే కవితలో ఆవిడ కోపం కూడా మామూలుగా ఉండదు. ఇష్తార్ మీదకి అరవై రోగాల్ని వదలమని మంత్రి నమ్తార్‌కి చెప్తుంది. కళ్ళకి కళ్ళ రోగం, కాళ్ళకి కాళ్ళ రోగం. ఎయా (ఎంకికే అక్కడియన్ పేరు) పంపిన అసూషునామిర్ ఒట్టు వేయించుకుని మోసం చేసినప్పుడు ఇచ్చిన శాపం కూడా ఘోరం: ఊరి మురికికాలవ నీళ్ళే తాగు, గోడ నీడలోనే నిలబడు, గడప మీదే కూర్చో, తాగినవాడూ తాగనివాడూ నీ చెంప పగలగొట్టాలి.

వైజాగ్_కుర్రోడు
మన యముడు, చిత్రగుప్తుడు సెటప్ లాంటిదే కదా ఇది? అక్కడ కూడా చిట్టా రాసేవాళ్ళు ఉన్నారా?

మట్టిపలక
చిట్టా ఉంది తమ్ముడూ. గిల్గమేష్ కావ్యం ఏడో పలకలో ఎన్కిడు చనిపోయే ముందు కల కంటాడు, అందులో బేలెత్-సేరి అనే ఆవిడ ఎరెష్కిగల్ ముందు కూర్చుని పలక పట్టుకుని చదువుతూ ఉంటుంది. వీణ్ణి చూసి తలెత్తి, ఎవరు తెచ్చారు ఇతన్ని అంటుంది.

పోలిక అక్కడితో సరి. యముడి దగ్గర పాపం పుణ్యం తూకం వేస్తారు. ఇక్కడ దాదాపు అది లేదు. పైన ఎంత మంచివాడివైనా కింద దుమ్మే తిండి, ఒంటికి పక్షుల్లా ఈకల బట్టలు. తేడా వచ్చేదల్లా నీకు నీళ్ళు వదిలేవాళ్ళు పైన ఉన్నారా లేదా అన్న దగ్గర. గోదారిగట్టు గారు చెప్పిన గిల్గమేష్, ఎన్కిడు, పాతాళం కవితలో ఎన్కిడు చెప్పే లెక్క చూడు: ఒక్క కొడుకున్నవాడు గోడకి కొట్టిన మేకు దగ్గర కూర్చుని ఏడుస్తున్నాడు, ఇద్దరున్నవాడు రెండిటుకల మీద కూర్చుని రొట్టె తింటున్నాడు, నలుగురున్నవాడు నాలుగు గాడిదలున్న ఆసామిలా సంతోషంగా ఉన్నాడు, ఏడుగురున్నవాడు చిన్న దేవుళ్ళ సరసన కుర్చీ వేసుకుని తీర్పులు వింటున్నాడు. ఎవరూ లేనివాడు వీధిలో పారేసిన ఎంగిలి ముక్కలు ఏరుకుంటున్నాడు. లోకం చూడకుండా పోయిన పసిగుడ్లు మాత్రం బంగారు, వెండి బల్ల దగ్గర తేనె, నెయ్యి తింటూ ఆడుకుంటున్నారు. ఆ ఒక్క పంక్తి రాసినవాడు ఎవడో గానీ, ఇంట్లో ఏదో జరిగి ఉండాలి వాడికి.

కిస్పు అని ఒక తంతు ఉండేది, చంద్రుడు కనిపించని రోజుల్లో చనిపోయినవాళ్ళ పేర్లు పిలిచి తిండి పెట్టి నీళ్ళు పోసేవాళ్ళు. అమావాస్య తర్పణాలు చూసినవాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు.

నల్లరేగడి
మరి ఈవిడ రాణి అయితే నెర్గల్ ఎవరు మధ్యలో? కొన్ని చోట్ల పాతాళానికి రాజు నెర్గల్ అని చదివాను.

పాతబస్తీ_రీడర్
దానికి నేను చెప్తా, నాకు ఇష్టమైన భాగం ఇది. నెర్గల్ కుతా అనే ఊరి దేవుడు, యుద్ధాలు, అంటురోగాలు ఆయన డిపార్ట్‌మెంట్. సుమేరియన్ కవితలో ఎరెష్కిగల్ మొగుడు గుగలన్నా, నెర్గల్ ఊసే లేదు. తర్వాత్తర్వాత ఈయన్ని ఆవిడ భర్తని చేశారు, ఆ పెళ్ళి ఎలా జరిగిందో చెప్పే కథ రెండు రకాలుగా దొరికింది, రెండిటికీ భూమ్యాకాశాల తేడా.

మొదలు ఒకటే. పైన దేవుళ్ళు విందు చేస్తారు. ఎరెష్కిగల్ పైకి రాకూడదు, వాళ్ళు కిందికి పోకూడదు, అందుకని నీ వాటా తీసుకుపోడానికి ఎవరినైనా పంపు అంటారు. నమ్తార్ మెట్లెక్కి పోతాడు. దేవుళ్ళంతా మర్యాద చేస్తారు, నెర్గల్ ఒక్కడు చెయ్యడు. అది ఆవిడకి అవమానం, పంపించండి వాణ్ణి నా దగ్గరికి అంటది.

పాత వెర్షన్ ఈజిప్ట్‌లో దొరికింది, 1887లో బయటపడ్డ అమర్నా పలకల్లో. సాధారణ శకానికి ముందు 14వ శతాబ్దం. ఈజిప్ట్ లేఖకులు అక్కడియన్ నేర్చుకోడానికి ఈ కథ పెట్టుకున్నారన్నమాట. ఇందులో నెర్గల్ తనతో పద్నాలుగు మంది రోగపిశాచాల్ని తీసుకుపోయి పద్నాలుగు గేట్ల దగ్గర కాపలా పెట్టి, ఎరెష్కిగల్‌ని జుట్టు పట్టి సింహాసనం మీంచి కిందికి లాగి తల నరకబోతాడు. చంపొద్దు, నువ్వు నా భర్తవైతే నేను నీ భార్యనవుతా, ఈ లోకపు రాజ్యం నీకిస్తా, జ్ఞానఫలకం నీ చేతిలో పెడతా అంటది. అప్పుడు ముద్దు పెట్టి కన్నీళ్ళు తుడుస్తాడు. సినిమా క్లైమాక్స్ లెక్క ఉంది గానీ చదివితే మనసొప్పలేదు నాకు.

రెండోది టర్కీలో హర్రాన్ దగ్గర సుల్తాన్‌తెపేలో దొరికింది, సాధారణ శకానికి ముందు 7వ శతాబ్దంది. ఇది చాలా పెద్దది, వేరే లోకం. ఎయా ముందే జాగ్రత్తలు చెప్తాడు: కుర్చీ వేస్తే కూర్చోకు, రొట్టె పెడితే తినకు, మాంసం తినకు, బీరు తాగకు, కాళ్ళు కడుక్కోకు, ఆమె స్నానానికి పోతే చూసి మనసు పారేసుకోకు. అన్నీ పాటించి చివరి దాని దగ్గర బోల్తా కొడతాడు మన హీరో. ఆరు రోజులు కలిసుండి ఏడోనాడు చెప్పకుండా పారిపోతాడు. పైకి పోయాక వెతికేవాళ్ళు గుర్తుపట్టకుండా ఎయా అతన్ని బట్టతల, మెల్లకన్ను, కుంటికాలు వేషంలోకి మారుస్తాడు.

ఎరెష్కిగల్ సింహాసనం మీంచి కింద పడి ఏడుస్తది. నమ్తార్‌తో పైకి పంపే కబురు చూడండి: చిన్నప్పటి నుంచి నాకు ఆడపిల్లల ఆటలు తెలియవు, పిల్లల గెంతులు తెలియవు, మీరు పంపిన ఆ దేవుణ్ణి తిరిగి పంపండి, పంపకపోతే చచ్చినవాళ్ళని లేపి బతికున్నవాళ్ళ మీదికి వదులుతా. చివరికి నెర్గల్ వస్తాడు, గేట్లన్నీ బద్దలు కొట్టుకుంటూ, నవ్వుకుంటూ. జుట్టు పట్టి లాగే పంక్తి ఇందులోనూ ఉంది, కానీ తర్వాత కథ తల నరకడం వైపు పోదు, మంచం వైపు పోతది.

కొర్రీ
నవ్వుతూ లాగాడు కాబట్టి ప్రేమకథ అయిపోయిందా? రెండిటిలోనూ చివరికి జరిగింది ఒకటే. ఒంటరిగా రాజ్యం ఏలిన ఆడమనిషి పక్కన ఒక మగదేవుణ్ణి కూర్చోబెట్టారు.

పాతబస్తీ_రీడర్
అది కాదనను. నెర్గల్ భక్తులకి తమ దేవుడు పాతాళాధిపతి ఎట్లా అయ్యాడో చెప్పే కథ కావాలి, ఈవిడేమో పాత రాణి, తీసెయ్యడానికి కుదరదు. పెళ్ళి చేసేశారు. రెండు వంశాల మధ్య ఆస్తి గొడవ తీర్చినట్టు. కానీ ఆ రెండో వెర్షన్ రాసినాయనకి ఆమె మీద జాలి ఉంది అన్నా, అది మాత్రం గట్టిగా చెప్తా. చిన్నప్పటి ఆటలు తెలియవు అన్న మాట ఆస్తి గొడవకి అక్కర్లేదు.

రాత్రిడ్యూటీ
ఫోటో సంగతి ఎవరైనా తేల్చండి. గూగుల్‌లో ఎరెష్కిగల్ అని కొడితే రెక్కలున్న నగ్న స్త్రీ, పక్షి గోళ్ళ పాదాలు, కింద సింహాలు, పక్కన గుడ్లగూబలు ఉన్న బొమ్మ వస్తుంది. ఆవిడేనా?

మట్టిపలక
ఆ ఫలకాన్ని క్వీన్ ఆఫ్ ది నైట్ అంటారు, పాత పేరు బర్నీ రిలీఫ్. కాల్చిన మట్టి, ఎత్తు 49.5 సెంటీమీటర్లు, సుమారు 3,800 ఏళ్ళ నాటిది. బ్రిటిష్ మ్యూజియం 2003లో 15 లక్షల పౌండ్లకి కొంది. దాని మీద పేరు రాసి లేదు, శాస్త్రీయ తవ్వకంలో దొరికింది కూడా కాదు, అందుకే గొడవ. సింహాలు చూసి ఇష్తార్ అంటారు కొందరు. రెక్కలు కిందికి వాలి ఉన్నాయి, వెనక నేపథ్యానికి మొదట నల్లరంగు పూసి ఉంది, గుడ్లగూబలున్నాయి కాబట్టి ఎరెష్కిగల్ అంటారు ఇంకొందరు. లిలిత్ అనే దయ్యం అన్నది పాత వాదన, ఇప్పుడు పెద్దగా నిలబడటం లేదు, తల మీద కొమ్ముల కిరీటం ఉందంటే పెద్ద దేవతే. నన్నడిగితే ఇష్తార్ వైపే మొగ్గుతాను. ఎరెష్కిగల్ అని ఖాయంగా చెప్పగల బొమ్మ ఒక్కటీ లేదు.

గోదారిగట్టు
బొమ్మలు లేకపోయినా పూజ అసలు లేదనుకోకండి. ఉమ్మా పాలకుడు లు-ఉతు ఆవిడకి గుడి కట్టించినట్టు శాసనం ఉంది, అందులో ఆమెని సూర్యుడు అస్తమించే చోటుకి దొరసాని అన్నాడు. ఉర్ రాజు ఉర్-నమ్మా చనిపోయి పాతాళానికి వెళ్ళే కవితలో ఆయన అక్కడి దేవతలందరికీ వరసగా కానుకలు ఇచ్చుకుంటూ పోతాడు, ఈవిడకీ ఇస్తాడు. అంటే రాజైనా సరే, కింద ఆమె దయ మీదే బతకాలి. నల్లరేగడి అడిగిన చివరి పంక్తి స్తుతికి నాకు తోచిన కారణం ఇదే. పాడేవాళ్ళందరూ ఏదో ఒకరోజు ఆ గేట్ల ముందు నిలబడాల్సినవాళ్ళే కదా.

కొర్రీ
ఆ కారణం ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా కలుపుతాను. ఆ కవితలో మాట తప్పనిది ఆవిడొక్కతే. ఒట్టు పెట్టింది, శవాన్ని ఇచ్చేసింది. ప్రాణంతో పైకి పోవాలంటే బదులు మనిషిని ఇవ్వాలని న్యాయాధిపతులు అడిగారు, గల్లా పిశాచాలు ఇనాన్నా వెంట వెళ్ళాయి. ఇనాన్నా ఎవరినిచ్చింది? కుల్లబ్‌లో ఆపిల్ చెట్టు కింద మంచి బట్టలు వేసుకుని కులాసాగా కూర్చున్న సొంత మొగుడు దుముజిని. పాపం అతని అక్క గెష్తినన్నా సగం ఏడాది నేను ఉంటానని ముందుకొచ్చింది. ఒకప్పుడు పండితులు ఇష్తార్ తన ప్రియుణ్ణి కాపాడటానికే పాతాళానికి దిగిందనుకునేవాళ్ళు. సుమేరియన్ పలకలు ఒకటొకటీ అతికించుకుంటూ వచ్చాక, తోసిందే ఆవిడ అని తేలింది.

నల్లరేగడి
చాలా థ్యాంక్స్ అందరికీ. ఏది ముందు చదవమంటారు? ఇంగ్లీష్ అనువాదమైనా పర్లేదు.

మట్టిపలక
సుమేరియన్‌ది ముందు, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ సుమేరియన్ సాహిత్యం సైట్‌లో ఉచితంగా ఉంది. ఒకే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి, దాటేయకుండా చదవండి, వినడానికి కట్టిన కవిత అది. తర్వాత అక్కడియన్ ఇష్తార్, ఆ తర్వాత నెర్గల్ కథ సుల్తాన్‌తెపే వెర్షన్.

పాతబస్తీ_రీడర్
అమర్నాది ఆఖర్న. ముందే చదివితే నెర్గల్ మీద కోపంతో మిగతాది సరిగ్గా ఎక్కదు.

రాత్రిడ్యూటీ
గ్రీకు మంత్రాల పపైరస్‌లలో (పాతకాలపు రాతపత్రాల్లో) కూడా ఈవిడ పేరు వస్తుందని విన్నా, గ్రీకు దేవత హెకతేతో కలిపి. నిజమేనా, దానికి వేరే థ్రెడ్ పెట్టమంటారా?

మట్టిపలక
నిజమే, రోమన్ల కాలపు ఈజిప్ట్ పపైరస్‌లు అవి. దారిలో ఏదైనా ఎదురైతే నేనే ఎరెష్కిగల్‌ని అని చెప్పి తప్పించుకునే మంత్రం ఒకటుంది అందులో. పెట్టండి థ్రెడ్, వస్తాను.